చిత్రమును వీడరాని మాటలు

సికిందరాబాదులో స్టూడియో నెలకొల్పి, ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాను కొలువులో ఛాయాచిత్రకారుడై కీర్తి గడించిన రాజా దీన్ దయాళ్ చిత్రములను పరిశీలించినవారికి ఒక సంగతి కంటబడక మానదు. కోటలు గానీ దర్బారులు గానీ వేటలు గానీ, ఏది చిత్రించినను, ఆయన తీసిన అనేక చిత్రముల అడుగున ఒక సంఖ్యయు, ఆయన పేరును, కొన్నింట స్థలనామమును చిన్న అక్షరములలో కనబడుచుండును. నెగటివు అను గాజు పలక మీదనే ఆ గుర్తులు వేసియుండుటచే, దానినుండి ఎన్ని ప్రతులు తీసినను, ఆ ప్రతులు ఏ దేశమునకు తరలిపోయినను, ఆ మాటలు చిత్రమును వీడలేదు. ఆయన 1905లో గతించిన తరువాత నూరేండ్లు దాటినను ఆ చిత్రములలో ఏది ఏదియో నేటి పరిశోధకులు పోల్చుకొనగలుగుచున్నారన్నచో, ఆ చిన్న అక్షరములు చేసిన సేవ తక్కువది కాదు.

నేడొక పెండ్లికి వెళ్లిన ఛాయాచిత్రకారుడు వేల చిత్రములతో ఇల్లు చేరును. వానిలో వధూవరులెవరు, ఊరేది, ముహూర్తమేనాటిది, తీసినదెవరు అను మాటలను శ్రద్ధగలవాడు కంప్యూటరులో వ్రాసియే యుంచును. కాని ఆ మాటలు ఎచ్చట వ్రాయబడుచున్నవి? చిత్రపు ఫైలు లోపలనా, దాని ప్రక్కనా, లేక ఆ సాఫ్టువేరు తనకై కట్టుకొన్న గిడ్డంగిలోనా? ఈ ప్రశ్న వేసికొన్నవారు అరుదు. అది ఎదురగునది సాఫ్టువేరు మార్చవలసివచ్చిన దినముననే. ఆనాడు చిత్రములన్నియు క్షేమముగనే యుండును గాని, వానిని గూర్చి ఏండ్లతరబడి వ్రాసిపెట్టిన మాటలు క్రొత్త సాఫ్టువేరు కంటికి ఆనవు. చిత్రమును గూర్చిన మాట ఏ ఒక్క సాఫ్టువేరు సొత్తుగాను మిగిలిపోరాదనియు, ఎవరు తెరచినను చదువదగినచోట చిత్రమును అంటిపెట్టుకొని యుండవలెననియు నా దృఢవిశ్వాసము. అది సాధ్యమే, కాని దానంతటది జరుగునది కాదు.

ముందుగా, కెమెరా వ్రాయు రా ఫైలనగా ఏమో తెలిసికొందము. కెమెరాలో వెలుగును గ్రహించు సెన్సరు స్వతహాగా రంగులెరుగనిది. దానిపైనున్న లక్షలాది కణములు తమమీద బడిన వెలుగెంతయో మాత్రమే కొలువగలవు. ఈస్ట్‌మన్ కోడక్ సంస్థలో పనిచేసిన బ్రైస్ బేయర్ ఆ కణములపై ఎరుపు, ఆకుపచ్చ, నీలి వడపోతలను గళ్లుగా అమర్చు ఉపాయమును కనిపెట్టి 1976లో పేటెంటు పొందెను. మన కన్ను ఆకుపచ్చ కాంతిలోని హెచ్చుతగ్గులను మిక్కిలి సూక్ష్మముగా పట్టును గనుక, గళ్లలో సగము ఆ రంగునకే కేటాయించి, తక్కిన సగమును ఎరుపునకు నీలమునకు సమముగా పంచినాడు. ఇట్లు ఒక్కొక్క గడి ఒక్కొక్క రంగు కొలతనే యిచ్చును. మిగిలిన రెండు రంగులను ఇరుగుపొరుగు గళ్లనుబట్టి లెక్కగట్టవలసియుండును. జేపెగ్ చిత్రమును కోరినయెడల ఆ లెక్కను కెమెరాయే చేసి, తెలుపు ఎట్లుండవలెనో తానే నిర్ణయించి, వెలుగునీడల తారతమ్యమును ఒక్కొక్క రంగునకు 256 మెట్లకు కుదించి, ఆపైన మరికొంత విడిచిపెట్టి, చిన్న ఫైలును మన చేతికిచ్చును. రా ఫైలునందన్ననో సెన్సరు కొలిచిన అంకెలు, 12 బిట్ల కెమెరాలో 4,096 మెట్లతోను, 14 బిట్ల కెమెరాలో 16,384 మెట్లతోను, భద్రపరచబడును. నీడలో మునిగిన ముఖమును వెలికిదీయుటకును, ట్యూబులైటు వెలుగులో రంగు మారిన తెల్లచీరను మరల తెల్లగా చూపుటకును వీలు మిగులుట ఇందువలననే. కావుననే రా ఫైలును మూలప్రతిగా నెంచి, దానిని ముట్టక, దానినుండి కావలసిన రూపములను తీసికొనుట ఈ విద్యలో మొదటి మర్యాద.

ఈ మూలప్రతికి అందరును అంగీకరించిన ఒక్క రూపము లేకపోవుటయే చిక్కులకు మొదలు. నికాన్ వారిది ఎన్‌ఈఎఫ్, కానన్ వారిది సీఆర్2, 2018 తరువాత సీఆర్3, సోనీ వారిది ఏఆర్‌డబ్ల్యూ, ఫ్యూజీ వారిది ఆర్ఏఎఫ్. ఎవరి ముద్ర వారిది. ఒకే సంస్థవారి రెండు కెమెరాలు ఒకే పేరుగల ఫైళ్లను వ్రాసినను లోపలి అమరిక వేరుగా నుండవచ్చును. క్రొత్త కెమెరా కొన్నవానికి పాత సాఫ్టువేరులో ఆ ఫైలు తెరచుకొనకపోవుట ఇందుచేతనే. ఈ అమరికల రహస్యమును సంస్థలు సాధారణముగా వెల్లడింపవు. డేవ్ కాఫిన్ అను ప్రోగ్రామరు 1997లో డీసీరా అను చిన్న ప్రోగ్రామును ఆరంభించి, ఒక్కొక్క కెమెరా ఫైలును శోధించి, దాని గుట్టు విప్పి, ఎల్లరకును ఉచితముగా పంచిపెట్టెను. నేడు మనము వాడు పెక్కు ఉచిత సాఫ్టువేరుల వెనుక ఆ ఒక్కని పరిశ్రమ కలదు. 2005లో నికాన్ డీ2ఎక్స్ కెమెరా ఫైళ్లలో తెలుపును నిర్ణయించు సమాచారము గూఢలిపిలో నున్నదని ఫోటోషాప్ సృష్టికర్తలలో ఒకడైన థామస్ నోల్ బహిరంగముగా ఆక్షేపించగా పెద్ద దుమారము రేగినది. నేను తీసిన చిత్రములోని సమాచారము నాకే మూసి యుంచుట న్యాయమా యని ఆనాడు ఛాయాచిత్రకారులడిగిన ప్రశ్న నాకు నేటికిని సమంజసముగనే తోచుచున్నది.

అంతకు ముందేడు, అనగా 2004లో, అడోబీ సంస్థ డీఎన్‌జీ అను రూపమును ప్రతిపాదించి దాని నిర్మాణమును లోకమునకు వెల్లడించినది. లైకా, పెంటాక్స్ కెమెరాలు దానిని స్వీకరించినవి. 2020లో ఆపిల్ సంస్థ ప్రోరా పేరిట ఐఫోనులో ప్రవేశపెట్టినదియు డీఎన్‌జీయే. పెద్ద సంస్థలైన కానన్, నికాన్, సోనీ మాత్రము తమ దారిని వదలలేదు.

ఇంతవరకు చిత్రపు అంకెల సంగతి. ఇక వానిని గూర్చిన సమాచారము, అనగా మెటాడేటా, మూడు పొరలుగా పెరిగినది. మూడింటికిని మూడు పుట్టిళ్లు. ఎగ్జిఫ్ అనునది 1995లో జపానులో పుట్టినది. షట్టరు వేగము, అపర్చరు, ఐఎస్‌ఓ, లెన్సు, తేదీ, జీపీఎస్ ఉన్నచో అక్షాంశ రేఖాంశములు, వీనిని కెమెరాయే మనలను అడుగకుండ వ్రాయును. రెండవది పత్రికల అవసరమునుండి వచ్చినది. 1965లో లండనులో ఏర్పడిన అంతర్జాతీయ పత్రికా దూరసంచార మండలి, అనగా ఐపీటీసీ, వార్తాసంస్థలు ఒకరికొకరు పంపుకొను చిత్రములతోపాటు వ్యాఖ్య, ఊరు, తీసినవారి పేరు, కీవర్డులు చేరునట్లు కొన్ని గదులను నిర్ణయించినది. ఎగ్జిఫ్ యంత్రము వ్రాసినదైతే ఇది మనిషి వ్రాయునది. మూడవదైన ఎక్స్‌ఎంపీని 2001లో అడోబీ ప్రవేశపెట్టెను. 2012లో అది అంతర్జాతీయ ప్రమాణమయ్యెను. ఏ భాషలోనైనను, ఎంత పొడవైనను వ్రాసికొనదగిన విశాలమైన ఏర్పాటు అది. కాని పాత గదులు మూతబడలేదు. ఒక చిత్రపు వ్యాఖ్య ఈ మూడు చోట్లను మూడు విధములుగా వ్రాసియుండుట నేటికిని సంభవమే; అప్పుడొక సాఫ్టువేరు ఒక గదిలోనిదానిని, మరొకటి మరొక గదిలోనిదానిని చూపును. సరిదిద్దినను పాత వ్యాఖ్యయే కనబడుచున్నదని వాపోవువారి బాధకు చాలవరకు మూలమిదియే.

జేపెగ్ ఫైలులోపల ఈ మాటలను వ్రాయుటకు సాఫ్టువేరులు వెనుదీయవు. రా ఫైలు విషయము వేరు. కెమెరా సంస్థ తన స్వంత సమాచారమును మేకర్‌నోట్ అను భాగములో, ఫైలు మొదటినుండి ఇన్ని బైట్ల దూరమున ఫలానాది కలదని గుర్తులు పెట్టుకొని, దాచియుంచును. బయటి సాఫ్టువేరు నడుమ నాలుగు మాటలు చొప్పించినచో ఆ దూరములు తప్పి, లెన్సు వివరములవంటివి చెదరిపోవు ప్రమాదము కలదు. మూలప్రతిని ముట్టరాదను మర్యాద ఇచ్చట కేవలము భక్తి కాదు, ఆత్మరక్షణ. అందుచే రా ఫైలును గూర్చిన మాటలు నిలుచుటకు రెండు తావులు ఏర్పడినవి. ఒకటి, ఫైలు ప్రక్కనే అదే పేరుతో పుట్టు చిన్న సైడ్‌కార్ ఫైలు; దీనిని తోడు ఫైలని పిలుచుకొందము. రెండవది, వేల చిత్రముల సమాచారమునంతను ఒకేచోట కూర్చిన కేటలాగు అను డేటాబేసు.

ఈ తోడు ఫైలును ఒకసారి దగ్గరగా చూచుట మంచిది. లేపాక్షి వీరభద్రాలయపు కప్పుమీది వర్ణచిత్రమొకదానిని నికాన్ కెమెరాతో తీసి, అడోబీవారి లైట్‌రూము అను సాఫ్టువేరులో నాలుగు మాటలు వ్రాసి, కొంచెము వెలుగు పెంచినారనుకొందము. ఫైలు పేరు డీఎస్‌సీ_4821.ఎన్‌ఈఎఫ్ అయినచో దాని ప్రక్కన డీఎస్‌సీ_4821.ఎక్స్‌ఎంపీ అను ఫైలు పుట్టును. రా ఫైలు పదుల మెగాబైట్లుండగా ఇది కొన్ని కిలోబైట్లే. నోట్‌ప్యాడుతో తెరచినచో అంతయు చదువదగిన అక్షరములే కనబడును. రేటింగ్ అను పేరు ప్రక్క 4 అను అంకె యుండును. డీసీ సబ్జెక్ట్ అను శీర్షిక క్రింద లేపాక్షి, వీరభద్రాలయము, వర్ణచిత్రము అని మనము వ్రాసిన కీవర్డులు ఒకదాని క్రింద ఒకటి నిలిచియుండును. డీసీ అనగా డబ్లిన్ కోర్. గ్రంథాలయములవారును కంప్యూటరు పండితులును 1995లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రపు డబ్లిన్ పట్టణమున కూడి ఆలోచించిన ఏర్పాటు అది, కనుక ఈ గది పేరును ప్రపంచములోని సాఫ్టువేరులన్నియు దాదాపుగా ఎరుగును. మరికొంత దిగువకు పోగా సీఆర్‌ఎస్ అను ముద్రతో ఎక్స్‌పోజర్ 2012 అనియు, దాని ప్రక్క +0.65 అనియు కనబడును. అది చిత్రమును గూర్చిన మాట కాక, చిత్రమును ఎట్లు తీర్చిదిద్దవలెనో అడోబీ తనకు తాను వ్రాసికొన్న సూచన. 2012 అనునది అడోబీవారి తీర్చిదిద్దు పద్ధతిలో ఆ యేటి కూర్పు.

ఒకే ఫైలులో ప్రక్కప్రక్కనే యున్న ఈ రెండు జాతులను వేరుపరచి చూచుటలోనే ఈ విద్య సారమంతయు కలదని నా తలంపు. మొదటి జాతి మాటలు దేశాటనము చేయగలవు. రెండవ జాతివి పుట్టినింటిని దాటలేవు. డార్క్‌టేబుల్ అను ఉచిత సాఫ్టువేరును ఎక్స్‌ఎంపీ తోడు ఫైలునే వ్రాయును. కాని దానిలోని తీర్చిదిద్దు సూచనలు మనిషి చదువలేని పొడవాటి అక్షరముల దండగా నుండును. రా థెరపీ పీపీ3 అను తోడు ఫైలును, డీఎక్స్‌ఓ డీఓపీ అను దానిని వ్రాసికొనును. క్యాప్చర్ వన్ తన ఏర్పాట్లను తన స్వంత ఫోల్డరులోనో కేటలాగులోనో దాచుకొనును. సూచన పేరొకటే యైనను ఫలితమొకటి కాదు: స్వరలిపి యొకటే యైనను వీణపై పలికిన కృతియు నాదస్వరముపై పలికిన కృతియు వేరుగా వినవచ్చునట్లు, రెండు సాఫ్టువేరులలో వెలుగును ఒక్కొక్క మెట్టు పెంచినచో వచ్చు చిత్రములు వేరుగనే యుండును, గళ్లనుండి రంగులను లెక్కగట్టు పద్ధతియు, నీడలను ఎత్తు పద్ధతియు ఎవరిది వారిదే. కావున తీర్చిదిద్దిన రూపము ముఖ్యమనుకొన్న చిత్రమును టిఫ్ గానో, మంచి నాణ్యతగల జేపెగ్ గానో ఎగుమతి చేసి వేరుగా భద్రపరచుట తప్ప మరియొక మార్గము లేదు. లైట్‌రూములో చేసిన దిద్దుబాటును డార్క్‌టేబుల్ కొంతవరకు అనువదించి చూపగలదు. ఆ అనువాదము మీద ఆధారపడుట మాత్రము నేను ఎవరికిని సలహాగా చెప్పను.

ఈ హెచ్చరిక ఊహామాత్రము కాదు. ఆపిల్ సంస్థ 2005లో అపర్చర్ అను సాఫ్టువేరును విడుదల చేయగా వృత్తినిపుణులు పలువురు తమ గ్రంథాలయములను అందులో నిర్మించుకొనిరి. 2014లో దాని అభివృద్ధిని నిలిపివేయుచున్నట్లు ఆ సంస్థయే ప్రకటించినది. 2018 నాటి మొహావీ కూర్పునకు తరువాతి మాక్ ఆపరేటింగ్ సిస్టములలో అది నడువనే నడువదు. మన ఇండ్లలో ఎందరికో పరిచయమైన పికాసా అను చిత్రముల సాఫ్టువేరును గూగుల్ 2016లో ఆపివేసెను. పికాసాలో వ్రాసిన వ్యాఖ్యలు జేపెగ్ ఫైలులోపలికి పోయెడివి గనుక అవి నేటికిని చదువబడుచున్నవి. దిద్దుబాట్ల సూచనలు పికాసా.ఐఎన్ఐ అను ఫైళ్లలో ఉండిపోయినవి, వానిని ఆచరించు సాఫ్టువేరు పికాసాయే. ఒకే యింటి చిత్రములలో ఏది మిగిలినదో ఏది మిగులలేదో దీనినిబట్టియే తెలియుచున్నది.

కేటలాగును నేను నిందించుట లేదు. లైట్‌రూము కేటలాగైనను, డార్క్‌టేబుల్ గ్రంథాలయమైనను, లోపల ఎస్‌క్యూలైట్ అను డేటాబేసే. ఏబదివేల చిత్రములలో గత సంక్రాంతినాటి గొబ్బెమ్మల చిత్రములను క్షణములో వెదకి తెచ్చుట దానివలననే సాధ్యము. చిక్కంతయు మాటలు అందులోనే ఉండిపోవుట వలన కలుగుచున్నది. లైట్‌రూము క్లాసిక్‌లో మార్పులను ఎక్స్‌ఎంపీలోనికి తనంత తాను వ్రాయు ఏర్పాటు కలదు గాని, కొన్ననాడు అది ఆపివేయబడియే యుండును. కేటలాగు సెట్టింగులలోనికి పోయి మనమే టిక్కు పెట్టవలెను. లేదా చిత్రములను ఎంచుకొని కంట్రోల్, ఎస్ మీటలను నొక్కవలెను. డిజికామ్ అను సాఫ్టువేరులోను తోడు ఫైలు వ్రాయుమని సెట్టింగులలో మనమే చెప్పవలెను. డార్క్‌టేబుల్ మాత్రము అడుగకుండగనే వ్రాయును. ఈ ఒక్క టిక్కు పెట్టని కారణమున పదేండ్ల కీవర్డులు కేటలాగునందే నిలిచిపోయిన చిత్రసంచయములు లేకపోలేదు. కేటలాగు ఫైలు చెడిననాడు గాని ఆ సంగతి బయటపడదు.

తోడు ఫైలు పుట్టినంతమాత్రమున పని తీరలేదు. దానికి పెట్టు పేరులోనే తగవు కలదు. అదే లేపాక్షి చిత్రమునకు లైట్‌రూము డీఎస్‌సీ_4821.ఎక్స్‌ఎంపీ అని పేరు పెట్టగా, డార్క్‌టేబుల్ డీఎస్‌సీ_4821.ఎన్‌ఈఎఫ్.ఎక్స్‌ఎంపీ అని పెట్టును. రెండింటిని వాడువాని ఫోల్డరులో ఒక చిత్రమునకు రెండు తోడు ఫైళ్లు చేరి, ఒకదానిలో నాలుగు నక్షత్రములు, మరొకదానిలో రెండు ఉండును. డార్క్‌టేబుల్ పద్ధతికి ఒక సమర్థన కలదు: ఒకే చిత్రమునకు రా, జేపెగ్ రెండును తీసినపుడు వాని పేర్లలో తేడా చివరి మూడు అక్షరములే కదా, పూర్తి పేరు నిలుపుకొన్నచో ఏ తోడు ఏ ఫైలుదో పొరబాటు పడదు. అడోబీ పద్ధతి ఎక్కువమంది పాటించునది గనుక డిజికామ్‌లో దానిని అనుసరించు ఏర్పాటును పెట్టినారు. మరియొక చిక్కు: ఫైలు పేరును కంప్యూటరు ఫోల్డరులో నేరుగా మార్చినచో తోడు ఫైలు పాత పేరుతో ఒంటరియై మిగిలిపోవును. అందుచే కార్డునుండి చిత్రములను దింపుకొన్న గడియలోనే, ఏ సాఫ్టువేరును ముట్టకముందే, పేరు మార్చుట మేలు. కెమెరా ఇచ్చు పేరులో నాలుగంకెలే యుండుటచే 9999 దాటగానే మరల 0001తో మొదలగును. తేదీని ముందుంచి 20260114_4821 వంటి పేరు పెట్టుకొన్నచో ఆ జంజాటమును తప్పును.

కీవర్డులలోను ఇట్టి భేదములే. కొందరు ఆంధ్రప్రదేశ్, శ్రీ సత్యసాయి జిల్లా, లేపాక్షి అని శాఖోపశాఖలుగా వ్రాయుదురు. డీసీ సబ్జెక్టు గదికి శాఖలు తెలియవు, విడి మాటలే తెలియును. కావున లైట్‌రూము ఆ శాఖలను వేరొక గదిలో నిలువుగీతతో విడదీసి వ్రాయగా, డిజికామ్ తన గదిలో ఏటవాలుగీతతో విడదీయును. విడి మాటలు అందరికిని చేరును. చెట్టు ఆకారము చేరుట, చేరకపోవుట అదృష్టమును బట్టి యుండును. నక్షత్రముల రేటింగు క్షేమముగనే ప్రయాణము చేయును. రంగుల లేబులు అంతకంటె పెళుసు: ఎక్స్‌ఎంపీలో వ్రాయబడునది రంగు కాక ఆ రంగునకు సాఫ్టువేరు పెట్టిన పేరు. అడోబీవారి లైట్‌రూము ఎరుపునకు రెడ్ అని వ్రాయగా, అదే అడోబీవారి బ్రిడ్జి అను సాఫ్టువేరు సెలెక్ట్ అని వ్రాయును. ఒక ఇంటిలోని ఇద్దరికే పొత్తు కుదురలేదు. ఇక ఆల్బములు, కలెక్షనులు, ఒకే చిత్రమునకు చేసికొన్న వర్చువల్ కాపీలు కేటలాగును విడిచి రావు.

కాలమును గూర్చి ఒక మాట. ఎగ్జిఫ్‌లో వ్రాయబడు తేదీ, గంట ఏ దేశపువో చెప్పు గది చాలాకాలము లేదు; 2016 నాటి కూర్పులో చేరినది, అదియు క్రొత్త కెమెరాలే వ్రాయును. డాలస్ నుండి సంక్రాంతికి స్వగ్రామము వచ్చినవారు కెమెరా గడియారమును మార్చుట మరచినచో, భోగినాడు తెల్లవారుజామున 5 గంటలకు తీసిన మంటల చిత్రము ముందునాటి సాయంకాలము 5.30కు తీసినదిగా నమోదగును. అన్నదమ్ములిద్దరి కెమెరాల చిత్రములను ఒకే ఫోల్డరులో కలిపినపుడు పండుగ వెనుకకు ముందునకు నడచుచున్నట్లుండును. అన్ని చిత్రములను ఒక్కసారిగా 11.30 గంటలు ముందుకు జరుపు వసతి మంచి సాఫ్టువేరులన్నింటను కలదు. కాని లైట్‌రూములో ఒక ఎంపిక పెట్టినచో ఆ దిద్దుబాటు రా ఫైలులోపలికే పోవును. మూలప్రతిని ముట్టరాదనుకొనువారు ఆ ఎంపికను గమనింపవలెను.

తెలుగులో వ్యాఖ్య వ్రాయగోరువారికి ప్రత్యేకముగా చెప్పవలసినది కలదు. పాత ఐపీటీసీ గదులు టెలిప్రింటరు యుగపు పొదుపుతో కొలిచి కట్టినవి: ఒక కీవర్డునకు 64 బైట్లు, ఊరి పేరునకు 32, తీసినవాని పేరునకు 32. ఇంగ్లీషు అక్షరమునకు ఒక బైటు చాలును. యూనికోడులో సర్వత్ర వాడుకలోనున్న యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరమునకు మూడు బైట్లు కావలెను; అందును గుణింతపు గుర్తు వేరు, పొల్లు వేరు, సున్న వేరు. శ్రీ అను ఒక్క అక్షరము కంప్యూటరు లెక్కలో శ, పొల్లు, ర, దీర్ఘము కలిసి నాలుగు గుర్తులు, పండ్రెండు బైట్లు. శ్రీకాకుళము అని కాక శ్రీకాకుళం అని వ్రాసినచో 30 బైట్లతో ఊరి గదిలో ఇమిడిపోవును. రాజమహేంద్రవరం 39 బైట్లు. పరిమితిని నిక్కచ్చిగా పాటించు సాఫ్టువేరు దానిని 32 వద్ద నరికివేయగా రాజమహేంద్ర అని మిగిలి, వరం పోయి, వ అను అక్షరపు మూడు బైట్లలో రెండు తోకవలె అర్థములేక వ్రేలాడును. ఎక్స్‌ఎంపీలో ఈ బాధ లేదు. మన నగరముల పేర్లు తమ గదిలో పట్టక తెగిపోవుటకు మన భాషయందలి లోపమేమియు లేదు; గదులు కట్టిననాడు మనలను తలచినవారు లేరు.

ఎగ్జిఫ్ కథయు ఇట్టిదే. దానిలోని వివరణ గది ఆస్కీ అక్షరములకే, అనగా ఇంగ్లీషు అక్షరములకే, నియమింపబడినది. 2023లో వెలువడిన 3.0 కూర్పులో గాని యూటీఎఫ్-8కు చోటు దొరకలేదు. అందుచే తెలుగు వ్యాఖ్యను ఎక్స్‌ఎంపీలోనే వ్రాయుట క్షేమము. పత్రికలయందును డీటీపీ కేంద్రములయందును ‘అను’ అని పేరుగల ఫాంట్లతో టైపు చేయుటకు అలవాటుపడినవారు ఆ మాటలను ఇచ్చట అంటించినచో అర్థములేని రోమను గుర్తులు మిగులును; యూనికోడులో టైపు చేయవలెను. ప్రతి ముఖ్యమైన పేరును తెలుగులోను ఇంగ్లీషులోను రెండు కీవర్డులుగా వ్రాసియుంచుట నాకు నచ్చిన పద్ధతి: అమెరికాలో పెరిగిన మనుమడు వెదకునపుడు తాతగారి ఊరు ఏ లిపిలో వెదకినను దొరకును.

వ్రాసినది నిజముగా వ్రాయబడినదో లేదో తెలిసికొనుటకు ఎగ్జిఫ్‌టూల్‌ను మించిన సాధనము లేదు. ఫిల్ హార్వే అను ఆయన 2003లో ఆరంభించిన ఈ ఉచిత ప్రోగ్రాము ఒక ఫైలులో ఏ గదిలో ఏ మాట కలదో దాచక చూపును. మార్పు చేయునపుడు అసలు ఫైలును ఒరిజినల్ అను తోకతో ప్రక్కన నిలిపియుంచును. కిటికీలు, బొత్తాములు లేని నల్లతెర ప్రోగ్రామని కొందరు జంకుదురు గాని, చూచుటకు మాత్రమే వాడుకొన్నను మేలే. రెండు సాఫ్టువేరులు వాడువారు, మాటలు వ్రాయు అధికారమును ఒకదానికే యిచ్చి, రెండవదానిని చదువుటకే నియమించినచో తగవులు చాలవరకు అణగును. రా ఫైళ్లను డీఎన్‌జీగా మార్చుకొనుట మరియొక మార్గము. అప్పుడు మాటలు ఫైలులోపలనే యుండును, తోడు ఫైలు తప్పిపోవు భయము లేదు. కాని ఒక్క కీవర్డు చేర్చినను పెద్ద ఫైలే మారును గనుక బ్యాకప్పు మొత్తము మరల తీయవలసివచ్చును. కెమెరా సంస్థవారి స్వంత సాఫ్టువేరు దానిని తెరువకపోవచ్చును. రా ఫైలును ముట్టనివారికి ఒక సౌలభ్యము: పదేండ్ల తరువాతను బ్యాకప్పులోని ఫైలును దీనిని బైటు బైటుగా పోల్చి, చెడలేదని నిశ్చయించుకొనవచ్చును. నేను తోడు ఫైళ్ల పక్షమువాడను.

చిత్రములను బంధువులకు పంపునపుడు ఈ శ్రమ వ్యర్థము కాకుండ చూచుకొనవలెను. వాట్సాప్‌లో ఫోటోగా పంపినచో ఈ మాటలన్నియు తొలగిపోవును. డాక్యుమెంటుగా పంపినచో నిలుచును. ఇంటి చిరునామాను తెలుపు జీపీఎస్ అంకెలు పరాయివారికి పోరాదనుకొన్నపుడు ఆ తొలగింపు మేలే. పెద్దతాతగారి షష్టిపూర్తి చిత్రములను కుటుంబమునకు అప్పగించునపుడు అది నష్టము.

సాఫ్టువేరును వదలదలచినవారు వదలుటకు ముందే, చిత్రములన్నింటిని ఎంచుకొని మెటాడేటాను ఎక్స్‌ఎంపీలోనికి వ్రాయించవలెను. ఆల్బములు వెంట రావు గనుక ప్రతి ఆల్బము పేరును అందులోని చిత్రములకు కీవర్డుగా చేర్చవలెను. తీర్చిదిద్దిన వానిలో విలువైనవానిని టిఫ్‌గా తీసికొనవలెను. తరువాత క్రొత్త సాఫ్టువేరులో అన్నింటిని కాక ఒక్క ఫోల్డరును మాత్రమే తెరచి, తెలుగు కీవర్డులు, నక్షత్రములు, తేదీలు, ఊరి పేర్లు సరిగా వచ్చినవో లేవో ఒక్కొక్కటిగా చూడవలెను. అది కుదిరినదాక పాత కేటలాగును, దానిని తెరువగల పాత కంప్యూటరును తీసివేయరాదు.